మబ్బు పడితే ఆగిపోయే ఎలక్ట్రోలైజర్: ఒక హైడ్రోజన్ ప్లాంటు కేసు

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒక మబ్బు తునక సూర్యుడికి అడ్డొచ్చింది. ఉన్నది పట్టుమని పది నిమిషాలు. దానికి, ఎండ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే మా ప్లాంటు గంటకు పైగా ఆగింది. నైట్రోజన్‌తో లైన్లు ఊది, మళ్లీ ప్రెజర్ ఎక్కించి, గ్యాస్ శుద్ధంగా వచ్చేదాకా పైకి వదిలేసి, చివరికి హైడ్రోజన్‌ను ట్యాంకులోకి మళ్లించే వేళకి ఇంకో మబ్బు సిద్ధంగా ఉంది. ఆషాఢం రోజులు. కోస్తాలో ఆ నెలలో మబ్బులకు కరువా? ఆ వారం రోజుకు నాలుగైదు సార్లు ట్రిప్ అయింది. షిఫ్ట్ రిజిస్టర్‌లో కారణం రాసే గడిలో ప్రతిసారీ ఒకటే మాట: హెచ్‌టీఓ హై.

ఆ మాట వెనక ఏముందో వెతుకుతూ మేం తిరిగిన దారి, చేసిన పొరపాట్లు, చివరికి కుదిరిన మందు ఇక్కడ రాస్తున్నాను. ఫ్యాక్టరీ పేరు, మెషీన్ అమ్మిన కంపెనీ పేరు చెప్పను. ఎండతో నడపాలనుకునే ఆల్కలైన్ ఎలక్ట్రోలైజర్ (క్షార ద్రావణంలో కరెంటు పంపి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే మెషీన్) ఎవరిదైనా, ఈ జబ్బు ఎంతో కొంత ఉంటుంది.

మెషీన్ సంగతి

గంటకు 100 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 9 కిలోల హైడ్రోజన్ ఇచ్చే చిన్న పైలట్ ప్లాంటు ఇది. నిండా నడిస్తే 500 కిలోవాట్లు లాగుతుంది. కిలో హైడ్రోజన్‌కు 55 యూనిట్లన్నమాట. కరెంటు పక్కనే వేసిన సోలార్ ప్యానెళ్ల నుంచి వస్తుంది. తయారైన హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం ఫ్యాక్టరీ ప్రాసెస్‌కు పోతుంది. మిగిలింది ట్యాంకులో దాచి, రాత్రిపూట 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్‌తో కరెంటుగా మారుస్తాం.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు హైడ్రోజన్ అంటే ఉదజని అని గుర్తుండే ఉంటుంది. ఉదకాన్ని పుట్టించేది, ఉదకం నుంచి తీయగలిగేది కూడా. పరీక్షనాళిక దగ్గర మండే పుల్ల పెడితే టప్‌మని శబ్దం వస్తుందని చదువుకున్నాం. ఇప్పటిదాకా ప్రపంచంలో తయారయ్యే ఉదజనిలో అధిక భాగం మాత్రం నీటి నుంచి రావడం లేదు. ఎక్కువగా సహజ వాయువును ఆవిరితో కలిపి వేడిచేసి తీస్తున్నారు. అలా తీసిన ప్రతి కిలోకూ 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఈ లెక్క మళ్లీ అవసరమవుతుంది.

మా మెషీన్ గుండెకాయను స్టాక్ అంటాం. నికెల్ ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య రెండు వాయువులూ కలవకుండా ఆపే పలుచని పొర (డయాఫ్రమ్), ఇలాంటి సెల్స్ వరసగా పేర్చి బోల్టులతో బిగించి ఉంటాయి. లోపల లై తిరుగుతూ ఉంటుంది. లై అంటే 30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. 80 డిగ్రీల వేడి, 15 బార్ ప్రెజర్. ఒక పక్క హైడ్రోజన్ బుడగలు, రెండో పక్క ఆక్సిజన్ బుడగలు. రెండూ వేర్వేరు సెపరేటర్లలోకి వెళ్లి లై నుంచి విడిపోతాయి. ఆక్సిజన్ లైనులో హైడ్రోజన్ ఎంత శాతం కలిసిందో చెప్పే అంకె పేరే హెచ్‌టీఓ. ఆక్సిజన్‌లో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే నిప్పు అంటుకునే మిశ్రమం తయారవుతుంది. అందుకని అందులో సగం దగ్గరే, అంటే 2 శాతానికే, మెషీన్ తనంతట తాను ఆగిపోయేలా పెడతారు.

అమ్మినవాళ్ల బ్రోచర్‌లో '20 నుంచి 100 శాతం లోడ్ వరకు నడుస్తుంది' అని ఉంది. మేం దాన్ని నమ్మి, సోలార్ 20 శాతం ఇచ్చినా చాలనుకున్నాం.

తప్పు దారులు

మొదటి అనుమానం హెచ్‌టీఓను కొలిచే ఎనలైజర్ మీదకే పోయింది. ప్లాంటులో ఏ అంకె నచ్చకపోయినా ముందు తిట్లు తినేది ఇన్‌స్ట్రుమెంట్ డిపార్ట్‌మెంటే. శాంపిల్ లైనులో తేమ చేరితే రీడింగ్ తప్పొస్తుంది. నిజంగానే కూలర్ దగ్గర నీళ్లు నిలబడి ఉన్నాయి. అన్నీ శుభ్రం చేసి, కాలిబ్రేషన్ సిలిండర్‌తో సరిచూశారు. ఎనలైజర్ సరిగ్గానే ఉంది. మర్నాడు మబ్బు పట్టగానే మళ్లీ ట్రిప్.

తర్వాత అమ్మిన కంపెనీ సర్వీస్ ఇంజనీరు వచ్చాడు. ఒక పూట ట్రెండ్లు చూసి, డయాఫ్రమ్‌కు ఎక్కడో చిల్లు పడి ఉంటుంది, స్టాక్ విప్పాలి అన్నాడు. స్టాక్ విప్పడమంటే టన్నుల బరువు క్రేనుతో దించి, సెల్ తర్వాత సెల్ తెరిచి, గ్యాస్కెట్లన్నీ కొత్తవి వేయడం. వారాల పని. పైగా విప్పిన స్టాక్ మళ్లీ మొదటిలా బిగుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. చిల్లు ఉందనడానికి ఆధారమేంటని అడిగితే, 'హెచ్‌టీఓ ఎక్కువగా ఉంది కదా సార్' అన్నాడు. జ్వరం ఉంది కదా, అందుకే జ్వరం అన్నట్టు ఉంది.

మూడో సలహా పైనుంచి వచ్చింది. పేలుడు హద్దు నాలుగైతే ట్రిప్ రెండు దగ్గర ఎందుకు, మూడు చేస్తే ఈ గొడవ ఉండదు కదా అని. మీటింగులో ఆ మాట వినగానే నాకు వెన్ను చల్లబడింది. అది అడిగినాయన తెలివితక్కువవాడేం కాదు. ప్రొడక్షన్ టార్గెట్ టెన్షన్ ఆయనది. నేను దానికి వాదనతో బదులివ్వలేదు, గాంగ్‌నంగ్ సంగతి చెప్పాను.

గాంగ్‌నంగ్, 2019

దక్షిణ కొరియా తూర్పు తీరంలో గాంగ్‌నంగ్ అనే ఊరుంది. 2019 మే 23 సాయంత్రం అక్కడి టెక్నోపార్క్‌లో హైడ్రోజన్ ట్యాంకులు పేలాయి. ఇద్దరు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. అది కూడా మాలాంటి పైలటే: సోలార్ కరెంటు, ఎలక్ట్రోలైజర్, హైడ్రోజన్ నిల్వ, ఫ్యూయల్ సెల్. విచారణలో తేలిన సంగతులు మా పరిశ్రమలో ఉన్న ప్రతి ఒక్కరూ ఒకసారి చదవాలి. ఎండ తక్కువున్నప్పుడు ఎలక్ట్రోలైజర్‌ను దాని కనీస సామర్థ్యం కంటే తక్కువలో నడిపారు. దాంతో హైడ్రోజన్‌లోకి ఆక్సిజన్ చేరింది. ట్యాంకులో అది 6 శాతం దాటింది. ఆక్సిజన్‌ను తీసేసే పరికరం పెట్టలేదు. స్టాటిక్ కరెంటును తొలగించే ఏర్పాటూ లేదు. ఎక్కడో ఒక స్టాటిక్ నిప్పురవ్వ పుట్టింది.

6 శాతం అనగానే తక్కువ అనిపిస్తుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన గ్యాస్‌లో హైడ్రోజన్ 4 నుంచి 94 శాతం దాకా ఎంత ఉన్నా మండుతుంది. అంటే హైడ్రోజన్ ట్యాంకులో ఆక్సిజన్ ఆరు శాతం దాటిందంటే సరిగ్గా ఆ పై గీత లోపలికి వచ్చినట్టే. ఇక రవ్వ సంగతి. గాలిలో హైడ్రోజన్ అంటుకోవడానికి 0.02 మిల్లీజౌల్ చాలు. చలికాలంలో స్వెట్టర్ విప్పేటప్పుడు చిటపటమంటుందే, అందులో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

మా సమస్య ఆక్సిజన్ పక్కన, వాళ్లది హైడ్రోజన్ పక్కన. మూలం మాత్రం ఒకటే: తక్కువ లోడ్. ట్రిప్ పాయింట్ పెంచే మాట ఆ మీటింగుతో ముగిసింది. మా ప్లాంటులో హైడ్రోజన్ లైనులో డీఆక్సో ఉంది, మిగిలిపోయిన ఆక్సిజన్‌ను కేటలిస్ట్ మీద హైడ్రోజన్‌తో కలిపి నీరు చేసేస్తుంది. ఆ రోజే దాని ఉష్ణోగ్రత అలారంలన్నీ ఒకసారి పరీక్షించి చూసుకున్నాం.

గుణకారం

ఆ రాత్రి నేను చేసింది పెద్ద లెక్కేమీ కాదు. నెల రోజుల డేటా దింపుకుని, లోడ్ నిలకడగా ఉన్న సమయాలు ఏరి, లోడ్ శాతాన్ని హెచ్‌టీఓ శాతంతో గుణించాను. నిండు లోడ్‌లో హెచ్‌టీఓ 0.5, గుణిస్తే 50. లోడ్ 60 ఉన్నప్పుడు 0.9, గుణిస్తే 54. లోడ్ 40 దగ్గర 1.2, అంటే 48. లోడ్ 28 దగ్గర 1.8, దాదాపు 50. ఎటు తిప్పినా యాభై చుట్టే తిరుగుతోంది.

దీని అర్థం ఏమిటో మా అమ్మ చెప్పే పాల ఉదాహరణతో చెబితే సులువు. ఒక చెంబు నీళ్లు బిందెడు పాలలో కలిస్తే ఎవరూ పట్టుకోలేరు. అదే చెంబు నీళ్లు పావు బిందె పాలలో కలిపితే నోట పెట్టగానే తెలిసిపోతుంది. మా ఆక్సిజన్‌లోకి వచ్చే హైడ్రోజన్ ఆ చెంబు నీళ్లు. లోడ్ ఎంతున్నా అది దాదాపు ఒకే మొత్తంలో వస్తోంది. ఆక్సిజన్ మాత్రం లోడ్‌ను బట్టి పెరుగుతోంది, తగ్గుతోంది. లోడ్ పావు వంతుకు పడితే కలుషితం నాలుగు రెట్లు కనిపిస్తుంది. కొత్తగా ఏ చిల్లూ పడక్కర్లేదు.

చిల్లు అయితే ఇంకో గుర్తు ఉండాలి. రెండు పక్కల ప్రెజర్ తేడా మారితే కారేదీ మారాలి. సెపరేటర్ల లెవెల్ కొద్దిగా అటూ ఇటూ జరిపి, తేడాను కొన్ని మిల్లీబార్లు మార్చి చూశాం. హెచ్‌టీఓ కదల్లేదు. స్టాక్ విప్పే ప్రతిపాదన అక్కడితో ఆగింది.

మరి ఆ చెంబు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి? దారులు రెండు. మొదటిది డయాఫ్రమ్ గుండా: అది బుడగలను ఆపుతుంది కానీ, లైలో కరిగిపోయిన హైడ్రోజన్‌ను పూర్తిగా ఆపలేదు. రెండోది నేను కాలేజీలో ఎన్నడూ ఆలోచించనిది, లై తిరిగే పైపులు. హైడ్రోజన్ పక్క నీరు ఖర్చవుతుంది కాబట్టి అక్కడి లై చిక్కబడుతుంది. ఆక్సిజన్ పక్క నీరు పుడుతుంది కాబట్టి అక్కడ పలచబడుతుంది. ఈ తేడా పెరగకుండా రెండు సెపరేటర్ల లై ద్రావణాన్నీ ఒకే పంపులో కలిపి, మళ్లీ రెండు పక్కలకీ పంపుతారు. 15 బార్‌లో హైడ్రోజన్‌ను కరిగించుకున్న లై అలా నేరుగా ఆక్సిజన్ ఇంట్లోకి నడిచి వెళుతుంది. తలుపు వేసి, దొడ్డిదారి బార్లా తెరిచినట్టు.

ఏ దారిది ఎంత వాటా అన్నది తేల్చుకోవడానికి ఒక సాయంత్రం లోడ్‌ను 40 శాతం దగ్గర నిలబెట్టి, పంపు డెలివరీ వాల్వును మెల్లగా మూస్తూ లై ప్రవాహాన్ని సగానికి తెచ్చాం. స్టాక్ వేడెక్కుతుందేమోనని మా సీనియర్ ఆపరేటర్ వాల్వు దగ్గరే నిలబడ్డాడు. ఆయన్ని ప్లాంటంతా బాబాయ్ అనే పిలుస్తుంది. ఇరవై నిమిషాల తర్వాత హెచ్‌టీఓ 1.2 నుంచి 0.75కు దిగింది. 'ఇంత చిన్న వాల్వు తిప్పడానికా బాబూ, మూడు వారాల నుంచి ఈ హడావుడి' అన్నాడు బాబాయ్. నా దగ్గర సమాధానం లేదు. అసలు దొంగ కలిసి తిరిగే లై అని మాత్రం తేలింది.

కుదిరిన మందు, కుదరని మందు

పంపుకు వేగం మార్చే డ్రైవ్ (వీఎఫ్‌డీ) లేదు. ఖర్చు తగ్గించుకోవడానికి ఒకే వేగంతో తిరిగే మోటారు బిగించి పంపారు. నిండు లోడ్‌లో వేడిని బయటికి లాగడానికి ఆ ప్రవాహమంతా కావాలి. పాతిక శాతం లోడ్‌లో అంత వేడే పుట్టదు, అయినా పంపు అదే వేగంతో లై ద్రావణాన్ని తిప్పుతూ హైడ్రోజన్‌ను మోసుకొస్తుంది. మేం వీఎఫ్‌డీ పెట్టి, లోడ్ తగ్గితే ప్రవాహమూ తగ్గేలా లాజిక్ రాశాం. ఈ కేసులో పెట్టిన ఖర్చులన్నిటిలో ఎక్కువ పుణ్యం దక్కింది దీనికే.

రెండోది ప్రెజర్. ప్రెజర్ తగ్గితే లైలో కరిగే హైడ్రోజన్ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. తక్కువ లోడ్‌లో 15 నుంచి 10 బార్‌కు దింపుతున్నాం. అంతకంటే దింపితే వెనకున్న కంప్రెసర్‌కు చాలదు.

కుదరనిది ఒకటుంది. రెండు లైలనూ కాసేపు విడివిడిగా తిప్పి, చిక్కదనం తేడా పెరగగానే కలిపి, మళ్లీ విడదీయడం. కాగితం మీద ఇదే అన్నిటికంటే మంచి ఉపాయం. చేసి చూస్తే హెచ్‌టీఓ బాగా పడింది కూడా. కానీ విడదీసినప్పుడల్లా సెపరేటర్ లెవెళ్లు ఉయ్యాల ఊగాయి. లెవెల్ ఊగితే ప్రెజర్ తేడా ఊగుతుంది, ఆ తేడా మరీ పెరిగితే గ్యాసే అటునుంచి ఇటు వచ్చే ప్రమాదం. మా కంట్రోల్ వాల్వులకు అంత చురుకుదనం లేదు. మానేశాం.

మూడో మందు బ్యాటరీ. దీనికి కారణం హెచ్‌టీఓ ఒక్కటే కాదు. కరెంటు ఆగిన మరుక్షణం స్టాక్‌లో ఒక పక్క హైడ్రోజన్, ఒక పక్క ఆక్సిజన్ మిగిలి ఉంటాయి, మధ్యలో లై. అంటే ఆగిపోయిన ఎలక్ట్రోలైజర్ కాసేపు ఫ్యూయల్ సెల్‌గా మారుతుంది! లై కాలువల గుండా కరెంటు వెనక్కి పారుతుంది. ఆ రివర్స్ కరెంటులో కేథోడ్ (హైడ్రోజన్ పుట్టే పక్క ఎలక్ట్రోడ్) మీది నికెల్ ఆక్సీకరణ చెందుతుంది. ఒకసారికి ఏం కాదు. రోజుకు ఐదుసార్లు, ఏడాదికి వందలసార్లు అలా జరిగితే ఎలక్ట్రోడ్ పూత పాడై, అదే హైడ్రోజన్‌కు ఎక్కువ కరెంటు తాగడం మొదలుపెడుతుంది. ట్రిప్‌కు మేం రాసుకునే నష్టం గంట ప్రొడక్షన్ మాత్రమే. అసలు నష్టం రిజిస్టర్‌లో కనిపించదు.

అందుకే మబ్బు దాటేదాకా స్టాక్‌ను 20 శాతం దగ్గర పట్టి ఉంచేలా బ్యాటరీ పెట్టాం. 20 శాతమంటే 100 కిలోవాట్లు. అరగంటకు 50 యూనిట్లు. పెద్ద బ్యాటరీ ఏం కాదు.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న: గ్రిడ్ ఉండగా బ్యాటరీ ఎందుకు? మబ్బు పడ్డప్పుడు గ్రిడ్ నుంచి లాక్కుంటే పోయేది కదా? లెక్క వేద్దాం. మన దేశపు గ్రిడ్ కరెంటులో బొగ్గే ఎక్కువ. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. కిలో హైడ్రోజన్‌కు 55 యూనిట్లు. గుణిస్తే 38 కిలోల పైమాటే. సహజ వాయువు నుంచి తీసే పాత పద్ధతిలో 9, 10 కిలోలే అని పైన చెప్పాను. అంటే గ్రిడ్ కరెంటుతో నీటిని విడగొట్టి తీసిన 'శుభ్రమైన' హైడ్రోజన్ దానికంటే నాలుగు రెట్లు మురికి. 2023 ఆగస్టులో కేంద్రం పెట్టిన ప్రమాణం ప్రకారం గ్రీన్ హైడ్రోజన్ అనిపించుకోవాలంటే కిలోకు 2 కిలోలు దాటకూడదు. ఆ 38ని 2తో పోల్చండి. మొత్తం కరెంటులో గ్రిడ్ వాటా ఐదు శాతం దాటితే గ్రీన్ అనే పేరు పోతుంది. మా తొలి నెలల్లో రీస్టార్ట్‌లకీ, పంపులకీ వాడిన గ్రిడ్ కరెంటు కలిపి చూసుకుంటే నాకు సిగ్గేసింది.

మూడు మందులూ పడ్డాక కనీస లోడ్ 27 నుంచి 17 శాతానికి దిగింది. భాద్రపదంలో కూడా మబ్బులు వచ్చాయి, వాటి వల్ల ట్రిప్ అయిన రోజులు తక్కువే. ఒక ఆదివారం వాన రెండు గంటలు విడవలేదు. బ్యాటరీ అయిపోయింది, ప్లాంటు పద్ధతిగా ఆగింది. దాని గురించి నాకేం దిగుల్లేదు.

ఫ్యూయల్ సెల్ కూడా ఒక మాట చెప్పింది

ఈ గొడవల మధ్య ఫ్యూయల్ సెల్ నెమ్మదిగా నీరసించింది. మొదట మేం చూసుకోలేదు. అదే కరెంటుకు వోల్టేజ్ వారం వారం కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్ ఫ్యూయల్ సెల్‌లోని ప్లాటినంను విషపూరితం చేస్తుందని అందరికీ తెలుసు. ఫ్యూయల్ సెల్ వాహనాల హైడ్రోజన్‌లో అది పది లక్షల్లో 0.2 వంతు దాటకూడదని ప్రమాణం. కానీ మాది నీటి నుంచి వచ్చిన గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కడిది?

దొరికింది పొటాషియం. హైడ్రోజన్ సెపరేటర్‌లో లై తుంపర్లను పట్టే జాలీ సరిగ్గా కూర్చోలేదు. సన్నటి లై మంచు గ్యాస్‌తో పాటు ముందుకు వెళ్లింది. ఫ్యూయల్ సెల్ మెంబ్రేన్ ప్రోటాన్లను మోసే పొర. పొటాషియం అయాన్ ఒకసారి ఆ ప్రోటాన్ల కుర్చీలో కూర్చుంటే లేవదు. పొర వాహకత తగ్గుతుంది, వోల్టేజ్ పడుతుంది. జాలీ సరిచేసి, గ్యాస్‌ను నీటితో కడిగే స్క్రబ్బర్ పెంచాం. పడిపోయిన వోల్టేజ్ పూర్తిగా తిరిగి రాలేదు.

నిజం చెప్పాలంటే ఈ ఫ్యూయల్ సెల్ మీద నాకు మొదటి నుంచీ పెద్ద ప్రేమ లేదు. కిలో హైడ్రోజన్‌కు 55 యూనిట్లు పెట్టాం. అది ఫ్యూయల్ సెల్‌లోంచి తిరిగి వచ్చేది 16, 17 యూనిట్లు. పెట్టిన పది రూపాయల్లో మూడు చేతికొస్తున్నాయి. ఒక రాత్రి దీపాలకైతే బ్యాటరీయే నయం. వచ్చిన మంత్రులకూ అధికారులకూ నీటితో వెలిగే దీపం చూపించడానికి ఇది బాగుంటుంది. బరువు తక్కువుండి దూరం ఎక్కువ పోవాల్సిన చోట, బ్యాటరీ మోయలేని చోట ఫ్యూయల్ సెల్‌కు పని ఉంది. ఇండియన్ ఆయిల్ 2023లో ఢిల్లీ ప్రాంతంలో మొదలుపెట్టిన ఫ్యూయల్ సెల్ బస్సులు, లేహ్‌లో ఎన్టీపీసీ బస్సులు ఆ పరీక్షే రాస్తున్నాయి. చెన్నైలో ఫ్యూయల్ సెల్ పరిశోధన కేంద్రం నడుపుతున్నది హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ సంస్థేనని మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ముందు రాబోయే మెషీన్లు

ఈ కేసు తర్వాత కొత్త టెక్నాలజీ గురించి ఏది చదివినా నేను ముందు చూసేది తక్కువ లోడ్‌లో దాని ప్రవర్తన. ఉదాహరణకు డయాఫ్రమ్. ఇన్నాళ్లూ వాడుకలో ఉన్నవి 500 మైక్రాన్ల మందం. ఇప్పుడు 220 మైక్రాన్లవి వచ్చాయి. పలుచబడితే నిరోధం తగ్గి కరెంటు ఆదా, బ్రోచర్‌లో అంకె అందంగా కనిపిస్తుంది. కానీ గోడ పలుచబడితే అటువైపు మాట ఇటు వినిపిస్తుంది. అలాంటి డయాఫ్రమ్‌ను నిలకడైన కరెంటుకు వాడితే లాభం, మాలాగా మబ్బుల కింద వాడితే లాభంలో కొంత హెచ్‌టీఓ తినేస్తుంది.

పీఈఎం ఎలక్ట్రోలైజర్లలో (ప్రోటాన్లను మోసే మెంబ్రేన్‌తో నడిచేవి) లై లేదు, కాబట్టి మాకు తలనొప్పి తెచ్చిన దొడ్డిదారి లేదు. మెంబ్రేన్‌లోనే సన్నటి ప్లాటినం పొర పెట్టి దాటివచ్చిన హైడ్రోజన్‌ను అక్కడికక్కడే నీరు చేసే డిజైన్లూ ఉన్నాయి. ఎండతో అవి బాగా కలిసిపోతాయి. గెయిల్ 2024లో మధ్యప్రదేశ్‌లోని విజయపూర్‌లో ప్రారంభించిన 10 మెగావాట్ల ప్లాంటు ఈ రకమే. చిక్కల్లా వాటి ఎలక్ట్రోడ్‌కు కావాల్సిన అరుదైన లోహం ఇరీడియం. ప్రపంచమంతా కలిపి ఏటా తవ్వేది పది టన్నుల లోపే. చదరపు సెంటీమీటరుకు వేసే ఇరీడియం ఎన్ని రెట్లు తగ్గించగలరన్నదే పీఈఎం భవిష్యత్తును తేలుస్తుంది. ఆ విలువైన లోహాలు వద్దనుకునేది ఏఈఎం, అంటే ప్రోటాన్లకు బదులు రుణ అయాన్లను మోసే మెంబ్రేన్ రకం. 2022 ఏప్రిల్‌లో ఆయిల్ ఇండియా అస్సాంలోని జోర్హాట్‌లో రోజుకు 10 కిలోల ఏఈఎం పైలట్ పెట్టింది. దాని మెంబ్రేన్ ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ఇంకా పరీక్షలోనే ఉంది. 700 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరిని విడగొట్టే సాలిడ్ ఆక్సైడ్ రకం కిలోకు 40 యూనిట్ల దగ్గరికి తెస్తుంది. కానీ అది ఎండతో పాటు లేచి పడుకునే మెషీన్ కాదు, దానికి నిలకడైన వేడి కావాలి. అమ్మోనియా ప్లాంటులో ఊరికే పోయే వేడి దొరికితే ఆ జత కుదురుతుంది.

మన తీరంలో రాబోతున్నవి చూస్తే ఈ లెక్కలన్నీ పెద్దవవుతాయి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. కిలోకు 55 యూనిట్ల చొప్పున రోజుకు 8 కోట్ల యూనిట్లకు పైగా కావాలి. కాకినాడలో పాత ఎరువుల ప్లాంటు చోట ఏఎం గ్రీన్ ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా ప్లాన్ చేస్తోంది. టన్ను అమ్మోనియాకు 178 కిలోల హైడ్రోజన్ కావాలి. అమ్మోనియా రియాక్టర్ మబ్బు వచ్చిందని ఆగే రకం కాదు. అందుకే అక్కడ నంద్యాల జిల్లా పిన్నాపురంలోని పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టును, దాని 1,680 మెగావాట్ల సామర్థ్యాన్ని లెక్కలోకి తీసుకున్నారు. పగటి ఎండతో నీళ్లను పై చెరువుకు ఎక్కించి, ఎండ లేనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. మా 50 యూనిట్ల బ్యాటరీ చేసే పనే, కొండంత ఎత్తున.

హైడ్రోజన్ కారు మీద జనానికి ఉన్న మోజు నాకు లేదు. అది ముందు నిలబడేది ఎరువుల ప్లాంటులో, రిఫైనరీలో. అక్కడ హైడ్రోజన్ ఇప్పటికే కావాలి, రోజూ టన్నుల్లో. 2025లో కేంద్ర సంస్థ సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్) నిర్వహించిన తొలి గ్రీన్ అమ్మోనియా వేలంలో కిలో 55.75 రూపాయలకు ధర పలికింది. కిలో అమ్మోనియాలో ఉన్న హైడ్రోజన్ లెక్కన పంచితే, కిలో హైడ్రోజన్‌కు 313 రూపాయలు వస్తుంది, అందులోనే నైట్రోజన్, రియాక్టర్, లాభం అన్నీ ఇమడాలి. యూనిట్ 3 రూపాయలకు దొరికినా కరెంటుకే 165 పోతుంది. మిగిలిన దాంట్లో మెషీన్ ఎన్ని గంటలు ఆగకుండా నడిచిందన్నదే లాభమో నష్టమో చెబుతుంది.

మా ఫ్యాక్టరీ ఇప్పుడు రెండో ఎలక్ట్రోలైజర్‌కు టెండర్ రాస్తోంది. నేను చేర్చిన పేరా ఒకటే. 10, 20, 30, 50, 100 శాతం లోడ్‌లలో, రెండు ప్రెజర్ల దగ్గర, హెచ్‌టీఓ ఎంతో మా ముందు నడిపి చూపించాలి, లై పంపుకు వీఎఫ్‌డీ ఉండాలి. నలుగురు పంపిన జవాబుల్లో ముగ్గురు నిండు లోడ్ అంకె ఒక్కటే ఇచ్చారు.

నిన్న మధ్యాహ్నం రెండింటప్పుడు కంట్రోల్ రూం నుంచి బాబాయ్ ఫోను. 'మబ్బేసింది బాబూ. పందొమ్మిది దగ్గర పట్టుకున్నా. హెచ్‌టీఓ ఒకటీ ఆరు. నువ్వు భోంచేసి తీరిగ్గా రా.'